పద్మిని ముందు డోర్ గ్లాసు చానల్‌లో ఫెల్టు మార్చాలి – ఏ సైజు, ఎలా ఎక్కించాలి?

గోదారి ఫియట్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. మాది 1986 ప్రీమియర్ పద్మిని. నాన్నగారు కొన్న కారు, ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. ఇంజన్ పని, బ్రేకుల పని పోయినేడు చేయించాను. ఇక మిగిలిన బాధ గ్లాసులదే. ముందు డోర్ ఏది వేసినా గ్లాసు దడదడలాడేది, సగం దించుకుని ధవళేశ్వరం బ్యారేజీ మీద వెళ్తే పక్క సీట్లో అమ్మ చెప్పే మాట వినపడేది కాదు. టార్చి వేసి చూస్తే గ్లాసు జారే గాడిలో, అదే చానల్‌లో, ఉండాల్సిన మెత్తటి ఫెల్టు పట్టీ అనేదే లేదు, అక్కడక్కడా కొబ్బరి పీచులాంటి ముక్కలు తుప్పుకి అంటుకుని ఉన్నాయి.

స్పేర్స్ షాపులో అడిగితే "పాత బళ్ళన్నిటికీ ఇదేనండీ" అని ఒక రబ్బరు చానల్ కట్ట ఇచ్చారు, లోపల నల్లటి నూగులాంటి ఫెల్టు ఉంది. ఒక గ్యారేజీలో ఇచ్చి ఎక్కించమన్నాను. వాళ్ళు సుత్తితో కొట్టి దిగ్గొట్టారు. కుడి డోర్ బ్రహ్మాండంగా ఉంది, చప్పుడు పోయింది. ఎడమ డోర్‌లో మాత్రం గ్లాసు సగం దాకా వచ్చి బిగుసుకుపోతోంది. అరచేత్తో పైకి ఎత్తిపట్టి హ్యాండిల్ తిప్పితే కొంచెం కదులుతుంది. నిన్న గట్టిగా తిప్పితే హ్యాండిల్ పళ్ళు జారిపోయాయి. గ్యారేజీకి మళ్ళీ వెళ్తే "వాడగా వాడగా సర్దుకుంటుంది" అంటున్నారు. రెండు డోర్లకీ ఒకటే చానల్ వేశాం కదా, మరి ఒకటి బాగుండి ఇంకొకటి పట్టేయడం ఏమిటో అర్థం కావట్లేదు. ఎవరైనా చేసినవాళ్ళు చెప్పండి.

కాచిగూడ మార్క్ ఫోర్ (హైదరాబాద్)

అన్నా, ముందు ఆ హ్యాండిల్ మీద బలం పెట్టుడు ఆపు. నాది అంబాసిడర్ మార్క్ 4, కారు వేరే అయినా డోర్ లోపల లెక్క ఒకటే. హ్యాండిల్ ఒక చిన్న పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది, అది అర్ధచంద్రంలా ఉండే పెద్ద పళ్ళ రేకుని కదుపుతుంది, దానికున్న చెయ్యి పైకి లేస్తూ గ్లాసు అడుగున ఉన్న పట్టీని నెడుతుంది. చూడు, గ్లాసు ఎంత వెడల్పు ఉంది, ఆ చెయ్యి పట్టుకునేది ఎంత చోట. ఒక పక్క చానల్ కొంచెం బిగుతుగా ఉన్నా గ్లాసు ఆ పక్క ఆగి ఇంకో పక్క లేస్తుంది, వంకరైపోతుంది, వంకరైన గ్లాసు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. అప్పుడు నువ్వు పెట్టే బలమంతా పళ్ళ మీద పోతుంది. హ్యాండిల్ పళ్ళు పోయినయంటే నయమే, ఇంకో హ్యాండిల్ దొరుకుతది. లోపల మెషీన్ పళ్ళు పోతే పద్మినికి మంచిది వెతుక్కోవాలి.

మార్క్‌వన్ ముచ్చట (గుంటూరు)

గ్రీజు పెట్టి చూడండి బ్రదర్, కొంచెం ఇంజన్ ఆయిల్ వేసినా చాలు, సర్రున జారుతుంది.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

గ్రీజు వద్దు, ఆయిల్ అసలు వద్దు. గుంటూరు అబ్బాయ్, నీ మాట తీసేస్తున్నానని ఏమీ అనుకోకు. ముప్ఫై ఏళ్ళు టింకరింగ్ చేసినవాణ్ణి, ఆ పని పాడుచేసిన గ్లాసులు చాలా చూశాను. వేసిన రోజు సర్రుమంటుంది నిజమే. నెల తిరిగేసరికి రోడ్డు దుమ్ము ఆ ఆయిల్లో కలిసి గరుకు ముద్ద అవుతుంది, గ్లాసు పైకీ కిందకీ తిరిగినప్పుడల్లా ఉప్పుకాగితంతో రుద్దినట్టే. డ్రైవర్ పక్క గ్లాసు మీద నిలువు గీతలు కనిపిస్తాయి చూడు చాలా బళ్ళకి, అలా వచ్చినవే. పైగా ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బుతుంది, ఉబ్బితే మళ్ళీ బిగుసుకుంటుంది.

రాజమండ్రి అబ్బాయికి. ఒకే చానల్ ఒక డోర్‌లో ఆడి ఇంకో డోర్‌లో ఆడకపోతే నేను మొదట చూసేది చానల్ని కాదు, గ్లాసుని. పక్కనే ఏదైనా లేతు షాపుంటే వెర్నియర్ అడిగి తెచ్చి రెండు గ్లాసుల మందం కొలువు. మిగిలిన చానల్ ముక్క ఒక జానెడు ఉంటే దాన్ని గ్లాసు అంచుకి తొడిగి చూడు. రెండు వేళ్ళతో లాగితే జరగాలి, వదిలేస్తే తనంతట తాను జారి పడిపోకూడదు. అదే సరైన బిగువు. ఇది షాపులోనే చేయాల్సిన పని, గ్లాసు తీసుకెళ్ళలేకపోతే అదే మందం ఉన్న గాజు ముక్క జేబులో వేసుకెళ్ళాలి. కారు పేరు చెప్పి కొనే సరుకు కాదమ్మా ఇది.

రెండో సంగతి, గ్లాసు కింది మూలన చిన్న ముద్ర ఉంటుంది, కంపెనీ పేరు, టఫెన్డ్ అని. అది రెండిటికీ ఉందో లేదో చూసి చెప్పు.

గోదారి ఫియట్ (రాజమండ్రి)

బాబాయ్ గారూ, మీకు దణ్ణం. కొలిచాను. కుడి గ్లాసు 4 మి.మీ. పైన కాస్త. ఎడమది 5 దాటింది! ముద్ర కుడిదానికి ఉంది, ఎడమదానికి ఎక్కడా లేదు, నాలుగు మూలలూ తడిబట్టతో తుడిచి మరీ చూశాను.

నాన్నగారిని అడిగితే అప్పుడు గుర్తుకొచ్చింది ఆయనకి. 2003 పుష్కరాలప్పుడు రద్దీలో ఎడమ గ్లాసు పగిలిందట, ఇంటినిండా చుట్టాలు, కారు ఆగడానికి వీల్లేదని ఊళ్ళోనే కోయించి వేయించేశారట. అప్పటికే ఫెల్టు అరిగిపోయి ఉంది కాబట్టి మందం గ్లాసు కూడా ఆడేసింది. ఇప్పుడు కొత్త ఫెల్టు పడేసరికి అసలు రంగు బయటపడింది. అయితే ఎడమ పక్కకి కాస్త వదులు చానల్ తెచ్చి వేస్తే సరిపోతుందా?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

సరిపోదు. ఆ గ్లాసు తీసెయ్యి. నేనిది గట్టిగానే చెబుతున్నా.

టఫెన్డ్ గ్లాసు కొలిమిలో వేడి చేసి చటుక్కున చల్లారుస్తారు. అది అయ్యాక ఇక కోయడం, అంచు గీకడం కుదరదు, వజ్రం పెడితే మొత్తం పిండైపోతుంది. కాబట్టి ఊళ్ళో కోసి వేశారంటే అది మామూలు కిటికీ అద్దమే. టఫెన్డ్ పగిలితే మొద్దు అంచుల చిన్న ముక్కలవుతుంది. మామూలు అద్దం పగిలితే కత్తుల్లా పొడుగు ముక్కలు వస్తాయి, అవి పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ మెడ ఎత్తులో ఉంటాయి. మీ అమ్మగారు కూర్చునేది ఆ పక్కేగా.

గోదారి ఫియట్ (రాజమండ్రి)

అర్థమైంది బాబాయ్ గారూ. రేపటి నుంచి గ్లాసు వేట. ఇరవై ఏళ్ళుగా అమ్మ ఆ పక్కే కూర్చుంటోంది, తలచుకుంటే భయమేసింది.

సాగరతీరం (విశాఖపట్నం)

మాదీ పద్మినే, తెల్లది. గ్లాసు దొరికేలోపు మీరు చేయాల్సిన ఇంకో పని ఉంది, ఇది చేయక నేను రెండుసార్లు డబ్బులు పెట్టాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటిసారి నా కారుకి ఫెల్టు మార్పించినప్పుడు పాతది పీకి, ఇనప చానల్‌లో పైపైన బ్రష్ తిప్పి, కొత్తది ఎక్కించేశారు. చూడ్డానికి బాగుంది. మాది సముద్రపు గాలి, కారు నిలిపేది బాల్కనీ కింద. రెండు వానాకాలాలు గడిచాక గ్లాసు కింది సగంలో పట్టేయడం మొదలైంది. విప్పి చూస్తే ఫెల్టు వెనక తుప్పు పొరలు పొరలుగా లేచి, అప్పడం పొంగినట్టు పొంగి, ఫెల్టుని గ్లాసు మీదికి నెట్టేస్తోంది. ఇనుము తుప్పైతే దాని పరిమాణం పెరుగుతుంది, ఆ సన్నని చానల్‌లో పెరగడానికి చోటు ఒక్క వైపే, గ్లాసు వైపు. ఫెల్టు నీళ్ళు పట్టి ఉంచుతుంది, దాని వెనక ఇనుము ఎప్పటికీ ఆరదు. గ్లాసుని ఒత్తేది చూడ్డానికి ఫెల్టే గానీ, అసలు దోషం వెనక తుప్పుది.

రెండోసారి నేనే దగ్గరుండి చేయించాను. చానల్ లోపల పట్టే సన్నటి ఇత్తడి బ్రష్‌తో మెరిసేదాకా గీకించి, మిగిలిన మచ్చల మీద తుప్పుని నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్ పూయించి, మర్నాడు జింక్ ప్రైమర్, ఆ తర్వాత పలచగా పెయింట్. ప్రతి కోటూ పూర్తిగా ఆరనివ్వాలి. పెయింట్ మందంగా వేస్తే చానల్ ఇరుకైపోతుంది, మళ్ళీ అదే గొడవ.

ఇంకొకటి. డోర్ కింది అంచున చిన్న కన్నాలు ఉంటాయి, వాటిని పుల్లతో పొడిచి చూడండి. గ్లాసు మీద పడ్డ వాన కొంత డోర్ లోపలికి దిగడం సహజమే, దిగిన నీళ్ళు పోయే దారి ఆ కన్నాలే. నా కారుకి అవి మట్టితో, పాత పెయింట్‌తో పూడిపోయి ఉన్నాయి. డోర్ వేస్తే లోపల కుండలో నీళ్ళు కదిలినట్టు గలగల వినిపించేది, నేను అన్నాళ్ళూ ఏదో బోల్టు వదులైందనుకున్నాను.

కాచిగూడ మార్క్ ఫోర్ (హైదరాబాద్)

అక్కా, ఆ గలగల నా బండిలో కూడా ఉంది. ఇప్పుడే పోయి చూస్తా.

కాచిగూడ మార్క్ ఫోర్ (హైదరాబాద్)

చూసిన. వెనక ఎడమ డోర్‌లో నుంచి ఒక చెంబెడు నీళ్ళు వచ్చినయి. థ్యాంక్స్ అక్కా.

మైనర్ మనోడు (బర్మింగ్‌హామ్)

నమస్తే, పుట్టింది నెల్లూరు, ఉండేది ఇక్కడ. నా దగ్గర మోరిస్ మైనర్ ఉంది. కాచిగూడ గారి అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిందే కదా, అందుకే మీ చర్చలు ఇంట్లో మాటల్లా అనిపిస్తాయి.

చానల్ రకాల గురించి రెండు మాటలు. ఒక రకం పూర్తి రబ్బరు, లోపలి మొహానికి నూగు అంటించి ఉంటుంది. ఇంకో రకంలో లోపల సన్నటి ఇనప రేకు ఎముకలా ఉంటుంది, పైన గుడ్డా ఫెల్టూ. రెండోది చేత్తో వంచితే వంచిన చోట నిలబడుతుంది, మొదటిది నిలబడదు. పాత కార్లకి రెండూ వాడతారు, కానీ మీ డోర్ ఫ్రేములో గాడి ఎంత వెడల్పు ఎంత లోతు అన్నదాన్ని బట్టి తీసుకోవాలి. అంటే కొలతలు మూడు: గాడి వెడల్పు, గాడి లోతు, గ్లాసు మందం. మూడూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పొడవుకి నూలు దారం గాడిలో పరిచి కొలవండి, ఆపైన అర మీటరు ఎక్కువ తీసుకోండి, మూలల దగ్గర ఒకసారి తప్పు కోస్తే ఆ ముక్క పనికిరాదు.

మూలల్లోనే అసలు పనితనం. చానల్‌ని రెండు ముక్కలుగా కోసి కలపకండి, ఆ అతుకులోంచే నీళ్ళూ గాలీ వస్తాయి. వంపు లోపలి వైపు చానల్ పెదాల (అంచుల) మీద మాత్రం వి ఆకారంలో చిన్న గాట్లు పెట్టి, వెనక వీపు తెగకుండా వంచాలి. ముందు పై మూలలు రెండూ కూర్చోబెట్టి, అక్కడి నుంచి పైభాగం మధ్యకి, తర్వాత నిలువుగా కిందికి నొక్కుకుంటూ రావాలి. కింద నుంచి మొదలుపెడితే చివరికి పై మూలలో మిగులు పోగై ఉబ్బుతుంది. సుత్తి ముట్టుకోకండి. నునుపు చేసిన చెక్క బద్ద చాలు.

జిగురు అందరూ ఎక్కువ పూస్తారు. ఎముక ఉన్న చానల్ గాడిలో తనే పట్టుకుంటుంది, మూలల దగ్గరా చివర్లలోనూ చుక్కలు పెడితే చాలు. జిగురు ఒక్క చుక్క ఫెల్టు నోట్లోకి కారిందంటే అక్కడ ఫెల్టు రాయిలా గట్టిపడి గ్లాసుని గీస్తుంది.

గోదారి ఫియట్ (రాజమండ్రి)

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. గ్యారేజీవాళ్ళు వేసింది విప్పి చూశాను, మీరు చెప్పినట్టే పై మూలలో పోగైంది, పైగా రెండు చోట్ల జిగురు ఫెల్టు మీదే గడ్డకట్టి ఉంది. ఇక ఈసారి నేనే చేస్తాను.

గ్లాసు సంగతి: రాజమండ్రి, కాకినాడ రెండు చోట్లా లేదు. ఎక్కడ వెతకాలి?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

ఒకప్పుడు ఇదంతా సమస్యే కాదు. బొంబాయిలో పద్మిని ట్యాక్సీలు వేలల్లో తిరిగేవి, కుర్లాలోనే కారు తయారైంది కాబట్టి సామాను కూడా అక్కడ కుప్పలు. ఆ ట్యాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు మీద నుంచి పూర్తిగా పోయాయి, కొనేవాడు తగ్గితే తెచ్చేవాడూ తగ్గుతాడు. నీకు దగ్గర్లో అయితే చెన్నై పుదుపేట చూడు, పాత సామానుకి అదే చోటు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి కూడా ఒక చుట్టు తిరుగు. అంబాసిడర్ వాళ్ళయితే కలకత్తా మల్లిక్ బజార్.

కొనేటప్పుడు మూడు చూసుకో. మూలన ముద్ర, మందం, అంచు. అంచు మీద చిన్న పెచ్చు లేచి ఉన్నా వదిలెయ్యి, టఫెన్డ్ గ్లాసుకి ప్రాణం అంచులోనే. పాతకాలం నల్ల ఫిల్మ్ అంటించి ఉంటే అది ఒలిచేశాకే మందం కొలువు. ఎలాగూ అలాంటి నల్ల ఫిల్మ్ కూడదని 2012 లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఓరుగల్లు ఎస్ఎస్80 (వరంగల్)

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాది 1985 మారుతి 800. కుషన్ షాపులో వెల్వెట్ గుడ్డ కోయించి చానల్‌లో అంటించుకోవచ్చని ఒకరు చెప్పారు. ఖర్చు చాలా తక్కువ. చేయొచ్చా?

సాగరతీరం (విశాఖపట్నం)

వద్దండీ. చానల్ ఫెల్టు గ్లాసు రాపిడికి తట్టుకునేలా చేసింది, వెల్వెట్ సోఫా కోసం నేసింది. మా అన్నయ్య ఒకసారి వేశాడు, ఆరు నెలల్లో నూగంతా రాలి ఉత్త గుడ్డ మిగిలింది, ఆ గుడ్డ తడిసి మడతపడి గ్లాసుతోపాటు పైకి వచ్చేసింది. మీటరుకి ఇంకొంచెం పెట్టి అసలైనదే కొనండి.

మైనర్ మనోడు (బర్మింగ్‌హామ్)

గోదారి గారూ, విప్పే ముందు ఒక హెచ్చరిక. గ్లాసు మెషీన్‌కి గడియారం స్ప్రింగులాంటి చుట్ట స్ప్రింగు ఉంటుంది, గ్లాసు బరువుని మోయడానికి. గ్లాసు పట్టీ నుంచి మెషీన్ చెయ్యి విడిపోగానే అది ఒక్కసారిగా తన్నుకొస్తుంది. డోర్ కన్నంలో వేళ్ళు పెట్టి ఉంటే నలిగిపోతాయి. ముందుగానే ఆ చేతిని క్లాంపుతో డోర్ రేకుకి బిగించండి, గ్లాసు కింద చెక్క దిమ్మ పెట్టండి.

హ్యాండిల్ వెనక ఉన్న గిన్నెలాంటి బిళ్ళని లోపలికి నొక్కితే పిన్ను కనిపించాలి, సన్నటి మేకుతో నెడితే వచ్చేస్తుంది. పిన్ను లేకపోతే ఎవరో క్లిప్పు రకం మార్చారన్నమాట, దాన్ని కొక్కెంతో లాగాలి.

గోదారి ఫియట్ (రాజమండ్రి)

మూడు వారాలు మాట్లాడలేదు, క్షమించండి. పని అయింది. ఫోటోలు కింద పెట్టాను.

గ్లాసు పుదుపేటలోనే దొరికింది. వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్ళాను. మొదటి రెండు షాపుల్లో చూపించినవాటికి అంచు పెచ్చులు, మూడో చోట దొరికింది, ముద్ర ఉంది, కుడి గ్లాసుతో సమానమైన మందం. రైల్లో రెండు దిండ్ల మధ్య పెట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

డోర్ ప్యాడ్ తీసి అడుగున చెయ్యి పెడితే ఎన్ని దొరికాయో. కందిరీగల మట్టి గూడు ఒకటి, ఒక 25 పైసల బిళ్ళ, అమ్మ తలపిన్నులు రెండు, 2003 నాటి గ్లాసు ముక్కలు గుప్పెడు. ఆ ముక్కలన్నీ మొద్దుగా, పటికబెల్లం పలుకుల్లా ఉన్నాయి. అంటే అప్పుడు పగిలింది అసలు టఫెన్డే. బాబాయ్ గారు చెప్పిన తేడా అరచేతిలో పెట్టుకుని చూశాను, నాన్నగారికీ చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సాగరతీరం గారు చెప్పినట్టు తుప్పు పనికే నాలుగు రోజులు పట్టింది. వెనక నిలువు చానల్ కింది చివర పూర్తిగా తినేసింది, బొటనవేలంత మేర వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. అక్కడే ఇంకో సంగతి బయటపడింది, ఆ చానల్‌ని డోర్ లోపల పట్టే బ్రాకెట్ స్క్రూ ఊడిపోయి ఉంది. సగం దించినప్పుడు దడదడ వచ్చింది దానివల్ల కూడా. స్క్రూ వేసి, గ్లాసుని పూర్తిగా దించి ఆ పొజిషన్‌లో బిగించాను, ముందు క్వార్టర్ గ్లాసు (డోర్ ముందు మూలన ఉండే చిన్న గ్లాసు) పక్క పట్టీకీ దీనికీ మధ్య దూరం పైనా కిందా ఒకటే ఉండేలా దారంతో చూసుకున్నాను.

చానల్ ఎముక ఉన్న రకం తీసుకున్నాను. మొదటి మూల పాడుచేశాను, గాటు లోతెక్కువై వీపు తెగింది. అర మీటరు ఎక్కువ తెచ్చుకోవడం ఎంత మంచిదైందో. రెండోసారి బ్లేడు బదులు చిన్న కత్తెరతో కోశాను, కుదిరింది. మర్నాడు చెంబుతో పైనుంచి మెల్లగా నీళ్ళు పోశాం, లోపలికి చుక్క రాలేదు, డోర్ కింది కన్నాల్లోంచి సన్నగా ధార కారింది.

ఒక్కటే సందేహం. గ్లాసు ఇప్పుడు నిండా పైకి వస్తోంది గానీ చివరి రెండు వేళ్ళ ఎత్తు కొంచెం బరువుగా ఉంది. ఇది సర్దుకుంటుందా, లేక మళ్ళీ విప్పాలా?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

అన్ని చోట్లా సమానంగా బరువుగా ఉంటే కొత్త ఫెల్టు నూగు, పదిహేను రోజుల్లో అణుగుతుంది. ఒక పక్కే పట్టేస్తే బ్రాకెట్ ఇంకాస్త సర్దాలి. తేల్చుకోవడానికి పోస్టుకార్డంత కాగితం గ్లాసుకీ పై ఫెల్టుకీ మధ్య పెట్టి గ్లాసు మూసి లాగు. ముందు మూల, మధ్య, వెనక మూల, మూడు చోట్లా ఒకే బిగువుతో రావాలి. అంతవరకు ఫెల్టులో కొంచెం టాల్కం పౌడరు వెయ్యి, లేదంటే ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే. మీ గ్యారేజీవాళ్ళన్న "సర్దుకుంటుంది" వేరు, ఇది వేరు. అక్కడ గ్లాసే తప్పు.

పని చక్కగా చేశావబ్బాయ్. ఆ బ్రాకెట్ దగ్గర దారం పెట్టి చూసుకోవడం నాకు చాలా నచ్చింది.

గోదారి ఫియట్ (రాజమండ్రి)

కాగితం పెట్టి చూశాను బాబాయ్ గారూ. మూడు చోట్లా ఒకేలా వస్తోంది. పౌడరు వేశాక ఇంకా తేలికైంది.

నిన్న సాయంత్రం అమ్మానాన్నల్ని ఎక్కించుకుని బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాకా వెళ్ళొచ్చాం, గ్లాసులు సగం దించి. అమ్మ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది, అన్నీ వినపడ్డాయి.

వెనక డోర్ల గ్లాసులు కూడా కొలిచేశాను. రెండూ ఒకే మందం, రెండిటికీ ముద్ర ఉంది. వాటికి కూడా అదే చానల్ ఆర్డర్ పెట్టాను, ఒక మీటరు ఎక్కువే.